ఆల్టర్నేటివ్ రాక్ కళాకారుల కాలేజీ రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆల్టర్నేటివ్ రాక్, అంటే పెద్ద రేడియోలు పట్టించుకోని దారిలో 1980ల నుంచి పెరిగిన రాక్ సంగీతం, వినేవాళ్లు నలుగురు కలిస్తే పాటల గురించి ఎంత మాట్లాడుకుంటారో, ఆ పాటలు కట్టినవాళ్లు ఎక్కడ చదివారు, ఎందుకు మానేశారు, అసలు డిగ్రీ ఉందా లేదా అన్నదాని గురించి కూడా అంతే మాట్లాడుకుంటారు. ఇంజనీరింగ్ హాస్టల్ గదిలో ఒకే ఇయర్‌ఫోన్‌ను ఇద్దరం చెరొక చెవిలో పెట్టుకొని, రేపు పొద్దున ల్యాబ్ రికార్డు ఇవ్వాలన్న సంగతి మరిచిపోయి ఈ సంగీతం విన్న తరం మాది. అందుకే ఆ పాడేవాడి కాలేజీ కథ మాకు పరాయి కథలా ఎప్పుడూ అనిపించలేదు, ఆ కథను ఎవరికి తోచినట్లు వాళ్లం పెంచుకుంటూ పోయాం కూడా.

ఏటా కొత్తగా వినడం మొదలుపెట్టిన పిల్లలు నన్ను అవే సందేహాలు అడుగుతుంటారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఈ పుకార్లలో రెండు ధోరణులు బలంగా కనిపిస్తాయి. చదువు మానేశాడు కాబట్టే గొప్పవాడయ్యాడని కొందరు చెబుతారు, ఎంతో చదివిన మేధావి కాబట్టే అలాంటి పాటలు రాశాడని మరికొందరు చెబుతారు. ఏ సంవత్సరంలో ఏం జరిగిందో వరుసగా పేర్చి చూస్తే ఈ రెండు కథలూ చాలాసార్లు నిలబడవు. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కాలేజీలో చేరకముందు

ఇంగ్లండ్ బ్యాండు రేడియోహెడ్ వాళ్లు స్కూల్లో కలిశారా, కాలేజీలో కలిశారా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

స్కూల్లోనే కలిశారు. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరలో ఉన్న అబింగ్డన్ స్కూల్ అనే మగపిల్లల ప్రైవేటు పాఠశాలలో ఐదుగురూ వేర్వేరు తరగతుల్లో చదివారు. 1985లో బ్యాండు కట్టి, శుక్రవారం నాడు స్కూలు సంగీతం గదిలో సాధన చేసేవారు కాబట్టి దానికి ‘ఆన్ ఎ ఫ్రైడే’ అని పేరు పెట్టుకున్నారు. రేడియోహెడ్ అన్న పేరు 1992లో వచ్చింది.

మన దగ్గర ఈ గందరగోళం రావడానికి మాటల్లోనే ఒక కారణం ఉంది. పదో తరగతి దాటిన మరునాటి నుంచే మనం ‘కాలేజీ’ అంటాం. ఇంగ్లండ్‌లో మన ఇంటర్మీడియట్ వయసు పిల్లలు చాలామంది ‘సిక్స్త్ ఫామ్’ అనే ఆ రెండేళ్ల చదువును తమ స్కూల్లోనే పూర్తి చేస్తారు. ఆ తర్వాత గాయకుడు టామ్ యార్క్ ఎక్సెటర్‌కు, కోలిన్ గ్రీన్‌వుడ్ కేంబ్రిడ్జికి, ఎడ్ ఓబ్రయన్ మాంచెస్టర్‌కు, ఫిల్ సెల్వే లివర్‌పూల్ పాలిటెక్నిక్‌కు వెళ్లారు, సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు కలిసి వాయించుకున్నారు. పాలిటెక్నిక్ అనగానే మూడేళ్ల డిప్లొమా అనుకొని సెల్వేకు డిగ్రీ లేదని వాదించినవాళ్లను నేను చూశాను. ఆ రోజుల్లో ఇంగ్లండ్ పాలిటెక్నిక్‌లలో పూర్తి స్థాయి డిగ్రీ కోర్సులు ఉండేవి, 1992లో అవన్నీ విశ్వవిద్యాలయాలుగా మారాయి.

నిర్వాణ బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ ఎవర్‌గ్రీన్ కాలేజీలో చదివాడని విన్నాను, నిజమేనా?

నిజం కాదు. కొబేన్ ఏ కాలేజీలోనూ చేరలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని అబెర్డీన్ పట్టణంలో హైస్కూలు చదువుతూ, పాస్ కావడానికి కావలసినన్ని క్రెడిట్లు తనకు లేవని తెలిసి, 1985లో చివరి వారాల్లో బడి మానేశాడు.

అయినా ఈ పుకారు గాలిలోంచి పుట్టలేదు. ఆ తర్వాత కొన్నేళ్లు అతను ఒలింపియా పట్టణంలో ఉన్నాడు. ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ ఉన్నది ఆ ఊళ్లోనే. అతని స్నేహితుల్లో చాలామంది ఆ కాలేజీవాళ్లు, నిర్వాణ తొలి రోజుల్లో ఆ కాలేజీ హాస్టల్ పార్టీల్లో వాయించింది. అక్కడ చదువుకున్న క్యాథ్లీన్ హానా ఒకనాటి రాత్రి కొబేన్ గది గోడ మీద సరదాగా రాసిన ఒక వాక్యం నుంచే నిర్వాణ పాటకు ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ అన్న పేరు వచ్చింది. టీన్ స్పిరిట్ అన్నది అప్పట్లో అమ్మాయిలు వాడే ఒక డియోడరెంట్ పేరని కొబేన్‌కు అప్పుడు తెలియదు. కాలేజీలో చదవకుండా కాలేజీ ఊరిలో బతికినవాడు అతను. ఆ ఊరి గాలి అతని మీద గట్టిగానే పనిచేసింది కానీ హాజరు పట్టీలో మాత్రం అతని పేరు లేదు.

## చదువుకుంటున్న రోజులు

టామ్ యార్క్ రేడియోహెడ్ ‘క్రీప్’ పాటను యూనివర్సిటీలో ఉన్నప్పుడే రాశాడా? ఆ పాట వెనుక ఉన్న అమ్మాయి ఎవరు?

పాట పుట్టింది 1980ల చివర, యార్క్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్, లలితకళలు చదువుతున్న కాలంలో. రికార్డుగా వెలువడింది 1992లో. విడుదలైన కొత్తలో బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు, బయటి దేశాల్లో పేరు వచ్చాక 1993లో మళ్లీ విడుదల చేస్తే అక్కడా నిలిచింది. యార్క్ కొంతకాలం వెంట తిరిగిన ఒక అమ్మాయి అనుకోకుండా ఒక ప్రదర్శనకు వచ్చిందని బ్యాండు గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ చెప్పిన మాటే ఈ ఊహాగానాలన్నిటికీ మూలం. ఆమె పేరు వాళ్లు చెప్పలేదు. తనకు తెలియకుండానే ఒక పాటలోకి వచ్చిన మనిషిని వెతికి పట్టుకొని ఫొటోలు పంచుకోవాలన్న ఉత్సాహం నాకు ఎప్పుడూ మంచిదిగా అనిపించలేదు.

ఎక్సెటర్ కథలో అభిమానులు పెద్దగా పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. రేడియోహెడ్ ఆల్బమ్‌ల అట్టల మీద 1994 నుంచి కనిపించే బొమ్మలు వేసిన స్టాన్లీ డాన్‌వుడ్ యార్క్‌కు పరిచయమైంది అక్కడే. ముప్పై ఏళ్లు దాటిన ఆ స్నేహం ఏ పాట వెనుక అమ్మాయి కథ కన్నా ఎక్కువ ఫలితాన్నిచ్చిందని నా నమ్మకం.

ఇంగ్లండ్ బ్యాండు పల్ప్ ‘కామన్ పీపుల్’ పాటలోని గ్రీకు అమ్మాయి ఒక మంత్రి భార్య అంటారు. అది తేలిపోయినట్లేనా?

తేలలేదు, పైగా సంవత్సరాలు కుదరడం లేదు. ఈ పుకారు గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే కళాకారుల కాలేజీ రోజుల మీద పుట్టిన పుకార్లలో ఇంత దూరం వెళ్లినది ఇంకొకటి నాకు కనిపించలేదు.

పల్ప్ గాయకుడు జార్విస్ కాకర్ లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ కళాశాలలో సినిమా కోర్సు చదివాడు. అక్కడ ఎదురైన ఒక గ్రీకు విద్యార్థిని, తాను సామాన్యుల మధ్య వాళ్లలాగా బతకాలనుకుంటున్నానని అన్న మాట అతని మనసులో ముల్లులా ఉండిపోయింది. డబ్బున్న తండ్రి ఒక్క ఫోన్ దూరంలో ఉండగా పేదరికాన్ని కొన్నాళ్లు రుచి చూసి వెళ్లిపోవచ్చనుకునే ఆలోచన మీద అతనికి వచ్చిన కోపమే 1995లో వచ్చిన ఆ పాట. బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో అది రెండో స్థానం దాకా వెళ్లింది. పాటలో ఆ అమ్మాయి శిల్పకళ చదువుతున్నట్లు ఉంటుంది.

2015లో గ్రీసు అప్పుల సంక్షోభం నడుస్తున్నప్పుడు, ఆ దేశపు అప్పటి ఆర్థికమంత్రి యానిస్ వరుఫాకిస్ భార్య కూడా ధనిక కుటుంబంలో పుట్టి సెయింట్ మార్టిన్స్‌లోనే శిల్పకళ చదివిందని పత్రికలకు గుర్తొచ్చింది. ఊరు, కాలేజీ, సబ్జెక్టు, తండ్రి ఆస్తి అన్నీ సరిపోయాయి, దాంతో కథ ప్రపంచమంతా తిరిగింది. కానీ ఆమె అక్కడ చదివింది 1983 నుంచి 1988 వరకు, కాకర్ చేరింది 1988లో. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడనే లేదని దీనితో రుజువు కాకపోవచ్చు, ఇద్దరూ విద్యార్థులుగా కలిసి గడిపిన రోజులు మాత్రం దాదాపు లేవు.

ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించే సంగతి ఇంకొకటి ఉంది. కాకర్ ఆ కాలేజీలో చేరేనాటికి అతనికి పాతికేళ్లు. పల్ప్ మొదలై అప్పటికే పదేళ్లయింది, 1978లో షెఫీల్డ్‌లో స్కూలు పిల్లవాడిగా ఉన్నప్పుడు కట్టిన బ్యాండు అది. పదేళ్లు వాయించినా గుర్తింపు రాని మనిషి, తనకన్నా చిన్నవాళ్ల మధ్య మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడని గుర్తుపెట్టుకొని వింటే ఆ పాటలోని కోపం వేరేగా వినిపిస్తుంది.

కోల్డ్‌ప్లే నలుగురూ ఒకే హాస్టలా? క్రిస్ మార్టిన్‌కు నిజంగా ఫస్ట్ క్లాస్ వచ్చిందా?

2025 జనవరిలో ముంబయి, అహ్మదాబాద్ కచేరీలకు రైలెక్కి వెళ్లినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన రామ్సే హాల్ అనే వసతిగృహం దగ్గరే వాళ్ల కథ 1996లో మొదలైంది. గాయకుడు మార్టిన్, గిటారు వాయించే జానీ బక్లండ్ ముందు స్నేహితులయ్యారు, తర్వాత గై బెర్రీమన్, విల్ చాంపియన్ కలిశారు.

మార్టిన్ చదివింది గ్రీకు, లాటిన్ భాషలతో కూడిన ప్రాచీన ప్రపంచ అధ్యయనం, అందులో అతనికి ఫస్ట్ క్లాస్ రావడం నిజమే. బక్లండ్ ఖగోళశాస్త్రం, గణితం చదివాడు, చాంపియన్ మానవశాస్త్రం చదివాడు. బెర్రీమన్ ఇంజనీరింగ్‌లో చేరి, ఆర్కిటెక్చర్‌కు మారి, చివరికి మానేశాడు. కాబట్టి ‘నలుగురూ టాపర్లే’ అన్న మాట సరికాదు. 1999లో, చివరి పరీక్షల కాలంలోనే, పార్లోఫోన్ రికార్డు సంస్థతో ఒప్పందం కుదిరింది.

లింకిన్ పార్క్‌లో ఒకాయన లాయరు కావలసినవాడట కదా? కంపెనీవాళ్లు కూర్చిన బ్యాండు అనే మాటకూ దానికీ సంబంధం ఉందా?

ఆ ఒకాయన గిటారిస్టు బ్రాడ్ డెల్సన్. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్స్ డిగ్రీ మంచి మార్కులతో పూర్తిచేశాడు, న్యాయశాస్త్రం చదవాలన్న ఆలోచనను బ్యాండు కోసం వదులుకున్నాడు. బాసిస్టు డేవ్ ఫారెల్ అక్కడ అతని రూమ్మేటు. మైక్ షినోడా పాసడీనాలోని ఆర్ట్‌సెంటర్ కళాశాలలో బొమ్మలు వేయడం నేర్చుకొని 1998లో డిగ్రీ తీసుకున్నాడు, జో హాన్ అతనికి అక్కడ పరిచయమయ్యాడు. షినోడా, డెల్సన్, డ్రమ్మర్ రాబ్ బోర్డన్ అంతకుముందే అగోరా హైస్కూలు స్నేహితులు. ఒక హైస్కూలు, రెండు కాలేజీలు కలిసిన చోట పుట్టిన బ్యాండు అది.

‘కంపెనీ కూర్చిన బ్యాండు’ అన్న ఆరోపణకు ఊపిరి పోసింది డెల్సన్ చేసిన ఇంటర్న్‌షిప్. చదువుకుంటున్నప్పుడు అతను జాంబా అనే సంగీత ప్రచురణ సంస్థలో జెఫ్ బ్లూ దగ్గర పనిచేశాడు. 1997లో ఆ కుర్రాళ్లు మొదటిసారి వేదిక ఎక్కినప్పుడు బ్లూ చూసి ప్రచురణ ఒప్పందం ఇచ్చాడు, 1999లో అరిజోనా నుంచి గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్‌ను తెచ్చి కలిపిందీ అతనే. పరిచయం పనికొచ్చిందన్నది నిజం. అయితే ఆ తర్వాత కూడా రికార్డు కంపెనీలు వరుసగా కాదన్నాయి, మొదటి ఆల్బమ్ వచ్చేసరికి 2000 అక్టోబరు అయింది. కూర్చిన బ్యాండు అయితే అన్ని తలుపులు తట్టవలసిన అవసరం ఉండేది కాదు.

సియాటెల్ బ్యాండు సౌండ్‌గార్డెన్ గిటారిస్టు కిమ్ తయిల్ మనవాడేనా? ఫిలాసఫీ ప్రొఫెసరు అని కూడా విన్నాను.

తెలుగువాడు కాదు, అతని తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్లినవాళ్లు. 1960లో సియాటెల్‌లో పుట్టి, షికాగో దగ్గర పార్క్ ఫారెస్ట్ అనే ఊళ్లో పెరిగాడు. 1981లో స్నేహితుడు హిరో యమమోటోతో కలిసి వాషింగ్టన్ రాష్ట్రానికి వచ్చి, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నాడు. ఆ డిగ్రీయే నోళ్లలో పడి ‘ప్రొఫెసరు’ అయింది. చదువుకుంటూనే విశ్వవిద్యాలయ రేడియో కేసీఎంయూలో రికార్డులు వేసేవాడు. 1990ల్లో అంత పెద్ద అమెరికా బ్యాండులో మన దక్షిణాది మూలాలున్న మనిషి గిటారు పట్టుకొని నిలబడడం చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. యమమోటో 1989లో బ్యాండు వదిలి, తర్వాత రసాయనశాస్త్రంలో మాస్టర్స్ చేశాడు.

‘కాలేజ్ రాక్’ అంటే కాలేజీ కుర్రాళ్ల బ్యాండ్లు అనేనా అర్థం?

ఆ పేరు వాయించేవాళ్ల చదువును బట్టి రాలేదు, వినిపించిన రేడియోను బట్టి వచ్చింది. 1980ల్లో అమెరికా విశ్వవిద్యాలయాలకు సొంత ఎఫ్ఎం కేంద్రాలు ఉండేవి. వాటిని నడిపేది విద్యార్థులు. ప్రకటనల ఒత్తిడి లేదు కాబట్టి పెద్ద కేంద్రాలు ముట్టుకోని రికార్డులను వాళ్లు రాత్రిళ్లు ధైర్యంగా వేసేవాళ్లు. 1988లో బిల్‌బోర్డ్ పత్రిక ‘మోడర్న్ రాక్’ పట్టికను మొదలుపెట్టాక, ఆ తర్వాతి సంవత్సరాల్లో ‘ఆల్టర్నేటివ్’ అన్న మాట స్థిరపడి, పాత పేరు వెనక్కి తగ్గింది. కాలేజీ గడప తొక్కని బ్యాండ్లు కూడా ఆ రోజుల్లో కాలేజ్ రాక్ కిందికే వచ్చేవి.

## మధ్యలో మానేసినవాళ్లు

ఆర్.ఈ.ఎం. వాళ్లంతా గ్రాడ్యుయేట్లు కదా? అంత చదివినవాళ్లలా కనిపిస్తారు.

నలుగురిలో ఎవరూ డిగ్రీ పూర్తి చేయలేదు. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణం విశ్వవిద్యాలయం చుట్టూ పెరిగిన ఊరు. మైకేల్ స్టైప్ అక్కడ చిత్రకళ చదువుతుండేవాడు, మైక్ మిల్స్, బిల్ బెర్రీ కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే ఉండేవాళ్లు. పీటర్ బక్ అప్పటికే అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వదిలేసి, ఏథెన్స్‌లో వక్స్‌ట్రీ అనే రికార్డుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చునేవాడు. తన కోసం పక్కన దాచుకున్న రికార్డులనే ఒక కుర్రాడు వచ్చి వరుసగా కొనుక్కుపోతున్నాడని బక్ గమనించాడు. ఆ కుర్రాడే స్టైప్. వాళ్ల పరిచయం అలా కుదిరింది.

1980 ఏప్రిల్ 5న, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజు వేడుకలో మొదటిసారి వాయించారు. ఆ తర్వాత ఊరూరా తిరగడం పెరిగి చదువు దానంతటదే వెనకబడిపోయింది. మొదటి పూర్తి ఆల్బమ్ 1983లో వచ్చింది. ఒక్క రోజులో పుస్తకాలు విసిరేసి వెళ్లిపోయిన దృశ్యం ఏదీ ఈ కథలో లేదు.

పిక్సీస్ గాయకుడు తోకచుక్క చూడడానికి కాలేజీ మానేశాడట. ఇది నిజంగా జరిగిందా?

సగం నిజం. బ్లాక్ ఫ్రాన్సిస్ అసలు పేరు చార్ల్స్ థాంప్సన్. ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ, అక్కడే జోయీ శాంటియాగోతో స్నేహం కుదిరి, ఇద్దరూ గిటార్లు వాయించుకునేవారు. స్పానిష్ నేర్చుకోవడానికి విద్యార్థుల మార్పిడి పథకం కింద ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ వెళ్లి ఆరు నెలలు ఉన్నాడు. అక్కడ మనసు నిలవక, హేలీ తోకచుక్కను చూడడానికి న్యూజీలాండ్ వెళ్లాలా, బ్యాండు కట్టాలా అని ఆలోచించాడు. తోకచుక్క సూర్యుడి దగ్గరికి వచ్చింది 1986లో కాబట్టి కాలం సరిపోతోంది. కానీ అతను న్యూజీలాండ్ వెళ్లలేదు. బ్యాండు కడదాం రమ్మని శాంటియాగోకు ఉత్తరం రాసి తిరిగొచ్చాడు, ఇద్దరూ చదువు వదిలి బోస్టన్ చేరారు. బాస్ వాయించేవాళ్లు కావాలని పత్రికలో ప్రకటన ఇస్తే వచ్చిన ఒకే ఒక్క మనిషి కిమ్ డీల్. డ్రమ్స్ వాయించిన డేవిడ్ లవరింగ్ బోస్టన్‌లోనే ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. థాంప్సన్ నేర్చుకున్న స్పానిష్ తర్వాత పాటల్లోకి వచ్చింది. అతను దూకుడుగా పాడే స్పానిష్ మాటలు ఆ ఆరు నెలల చదువు ఫలమే.

జానీ గ్రీన్‌వుడ్‌ను కాలేజీ నుంచి తీసేశారా?

తీసేయలేదు. ఆక్స్‌ఫర్డ్ ఊళ్లోనే ఉన్న పాలిటెక్నిక్‌లో సంగీతం, మనస్తత్వశాస్త్రం చదవడానికి చేరిన కొద్ది వారాలకే 1991 చివర ఈఎంఐ రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది, మానేశాడు. రేడియోహెడ్ ఐదుగురిలో డిగ్రీ లేనిది ఇతనికే, తర్వాత సినిమాలకు వాద్యబృంద సంగీతం రాసిందీ ఇతనే.

## మళ్లీ చదువుకు వెళ్లినవాళ్లు

వీజర్ బ్యాండు గాయకుడు రివర్స్ క్వోమో హార్వర్డ్ మధ్యలో మానేశాడా, పూర్తి చేశాడా? రెండు మాటలూ వింటున్నాను.

రెండూ నిజమే, కాలాలు వేరు. 1994 మేలో వచ్చిన మొదటి ఆల్బమ్‌తో వీజర్‌కు పెద్ద పేరు వచ్చింది. సరిగ్గా అప్పుడే, 1995లో, క్వోమో హార్వర్డ్‌లో మొదటి సంవత్సరం విద్యార్థిగా చేరాడు. కచేరీల తిరుగుడు మీద తనకు కలిగిన విసుగును అతను దరఖాస్తు వ్యాసంలోనే రాసుకున్నాడు. పుట్టుకతో ఒక కాలు రెండో కాలి కన్నా పొట్టిగా ఉండడంతో అదే ఏడాది శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఈ పద్ధతిలో ఎముకను కోసి, కాలి చుట్టూ ఉక్కు చట్రం బిగించి, చర్మంలోంచి ఎముకలోకి కడ్డీలు దించుతారు. మరలు తిప్పుతూ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఎముకల మధ్య ఎడం పెంచుతారు, ఆ ఎడంలో కొత్త ఎముక పెరుగుతుంది. ఆ చట్రంతో, చేతికర్రతో, బోస్టన్ చలిలో క్లాసు నుంచి క్లాసుకు నడిచిన విద్యార్థి అతను. 1996లో వచ్చిన ‘పింకర్టన్’ పాటల్లోని ఒంటరితనం అక్కడిది. ‘ది గుడ్ లైఫ్’ పాటలో ఆ చేతికర్ర కూడా కనిపిస్తుంది.

తర్వాత మానేశాడు, మళ్లీ చేరాడు, మళ్లీ మానేశాడు. 2004లో ఇంకోసారి వెళ్లి, 2006లో ఇంగ్లిష్‌లో బీఏ పూర్తిచేశాడు. మంచి మార్కులు వచ్చినవాళ్లకే చోటిచ్చే ఫై బీటా కప్పా అనే గౌరవ సంఘంలో సభ్యత్వం కూడా దక్కింది. చేరిన నాటి నుంచి పట్టా చేతికొచ్చేవరకు పదకొండేళ్లు.

మన దగ్గర ఒక్క ఏడాది డిటెయిన్ అయితే చుట్టాల ముందు తలెత్తుకోలేం, మెమోలో గ్యాప్ కనిపిస్తే ఇంటర్వ్యూలో అదే మొదటి ప్రశ్న అవుతుంది. అందుకే చదువు ఆపి మళ్లీ వెళ్లడమన్నది మన ఊహకు అందక, ‘మానేశాడు’ అన్న దగ్గరే కథ ఆపేస్తాం. అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాల్లో సెలవు పెట్టి వెళ్లి ఏళ్ల తర్వాత తిరిగి రావడం మామూలు విషయమే.

రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ గిటారిస్టు టామ్ మొరెల్లో, రివర్స్ క్వోమో హార్వర్డ్‌లో క్లాస్‌మేట్లా?

కాదు. మొరెల్లో 1986లో పట్టా తీసుకొని వెళ్లిపోయాడు, క్వోమో చేరింది 1995లో. ఇద్దరికీ ఒకే కాలేజీ పేరు ఉండడం తప్ప ఇంకే పోలికా లేదు. మొరెల్లో చదివిన విభాగం పేరు ‘సోషల్ స్టడీస్’ అని చూసి మన ఏడో తరగతి సోషల్ పుస్తకాన్ని తలుచుకోవద్దు. రాజనీతి, ఆర్థికశాస్త్రం, చరిత్ర, సామాజిక సిద్ధాంతాలు కలిసిన గట్టి కోర్సు అది. ఆ చదువుతో పాటే రోజుకు గంటల తరబడి గిటారు సాధన చేసేవాడు. పట్టా వచ్చాక లాస్ ఏంజెలెస్ వెళ్లి, కొంతకాలం సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ కార్యాలయంలో పనిచేశాడు. రేజ్ మొదలైంది 1991లో.

ది ఆఫ్‌స్ప్రింగ్ బ్యాండు గాయకుడు డెక్స్టర్ హాలండ్ డాక్టరేటు గౌరవ డాక్టరేటే కదా?

కాదు, పరిశోధన చేసి తెచ్చుకున్నది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రంలో డిగ్రీ, మాలిక్యులర్ బయాలజీలో మాస్టర్స్ చేసి, పీహెచ్‌డీలో ఉండగానే 1994లో ‘స్మాష్’ ఆల్బమ్ కోటి కాపీలు దాటే దారి పట్టింది. పరిశోధన ఆగిపోయింది. ఏళ్ల తర్వాత తిరిగి వెళ్లి 2017లో పూర్తిచేశాడు. హెచ్ఐవీ వైరస్ జన్యువుల్లో మైక్రో ఆర్ఎన్ఏలను (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ముక్కలను) పోలిన వరుసల మీద అతని పని. సినిమావాళ్లకు, రాజకీయ నాయకులకు గౌరవ డాక్టరేట్లు ఇవ్వడం చూసీ చూసీ మనకు అనుమానం రావడం సహజమే. షినోడాకు 2009లో ఆర్ట్‌సెంటర్ ఇచ్చిన డాక్టరేటు మాత్రం గౌరవ పట్టానే.

‘మైలో గోస్ టు కాలేజ్’ అన్న ఆల్బమ్ పేరు కల్పనా, నిజంగా జరిగిన విషయమా?

నిజంగానే జరిగింది. డిసెండెంట్స్ గాయకుడు మైలో ఆకర్‌మన్ 1982లో శాన్ డియేగో వెళ్లి జీవశాస్త్రం చదవబోతుంటే బ్యాండువాళ్లు ఆల్బమ్‌కు ఆ పేరే పెట్టారు. అతను అక్కడితో ఆగలేదు, డాక్టరేటు చేసి, డూపాంట్ సంస్థలో మొక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తూ, మధ్యమధ్యలో వచ్చి పాడేవాడు. ఇదే తరహా మనిషి బ్యాడ్ రిలిజియన్ గాయకుడు గ్రెగ్ గ్రాఫిన్. 2003లో కార్నెల్‌లో డాక్టరేటు పొంది, విశ్వవిద్యాలయంలో పాఠాలు కూడా చెప్పాడు. ఈ రెండూ పంక్ బ్యాండ్లే కానీ ఆల్టర్నేటివ్ వినేవాళ్ల చర్చల్లో ఎప్పుడూ ఉంటాయి.

నిర్వాణలో ఎవరికైనా డిగ్రీ ఉందా?

ఉంది. బాసిస్టు క్రిస్ట్ నొవొసెలిక్ 2016లో, యాభై దాటిన వయసులో, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి సామాజిక శాస్త్రాల్లో డిగ్రీ తీసుకున్నాడు. డ్రమ్మర్ డేవ్ గ్రోల్ పదిహేడేళ్లకే హైస్కూలు వదిలి ‘స్క్రీమ్’ అనే బ్యాండులో చేరినవాడు.

## అభిమానుల అభిప్రాయాలు

పెద్ద కాలేజీల్లో చదివినవాళ్ల రాక్‌లో నిజాయితీ ఉండదంటారు. మీరు ఒప్పుకుంటారా?

ఒప్పుకోను. ఈ వాదన చేసేవాళ్లు సాధారణంగా నిర్వాణ, సౌండ్‌గార్డెన్ లాంటి బ్యాండ్లు పేరు తెచ్చుకున్న సియాటెల్‌ను ఉదాహరణగా చూపిస్తారు. అక్కడే చూడండి: కిమ్ తయిల్ తత్వశాస్త్రం చదివాడు, మడ్‌హనీ గాయకుడు మార్క్ ఆర్మ్ ఇంగ్లిష్ చదివాడు, కొబేన్, గ్రోల్ హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. వీళ్లంతా అవే వేదికల మీద, అవే ఆంప్లిఫయర్లతో, దాదాపు ఒకే శ్రోతల ముందు వాయించారు. రికార్డు పెట్టి కళ్లు మూసుకొని వింటే ఎవరి దగ్గర పట్టా ఉందో చెప్పలేం. 2008లో వ్యాంపైర్ వీకెండ్ మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు కొలంబియా విశ్వవిద్యాలయం పేరు వినగానే చాలామంది వాళ్లను డబ్బున్న పిల్లలని తేల్చేశారు. ఆ ఆల్బమ్ తయారైన రోజుల్లో గాయకుడు ఎజ్రా కోనిగ్ బ్రూక్లిన్‌లో ఒక బడిలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుంటున్నాడన్న సంగతి వాళ్లలో ఎందరు తెలుసుకున్నారు?

వీళ్లంతా మానేసి పైకొచ్చారు కదా, నేనూ బీటెక్ మానేసి బ్యాండు పెట్టుకోవచ్చా?

నన్ను అన్నా అని పిలిచి ఈ ప్రశ్న అడిగే పిల్లలకు నేను మనస్ఫూర్తిగా చెప్పేది ఒక్కటే: మానేసినవాళ్లు ఏ దశలో మానేశారో చూడండి. గ్రీన్‌వుడ్ మానేసేనాటికి ఒప్పందం చేతిలో ఉంది. ఆర్.ఈ.ఎం. వాళ్లకు వరుసగా కచేరీలు దొరుకుతున్నాయి. చేతిలో ఏమీ లేకుండా వెళ్లినవాళ్లు పిక్సీస్, అందుకని వాళ్ల కథ అందరికన్నా ఎక్కువ ప్రచారంలో ఉంది. అలాగే వెళ్లి, పాట బయటికి రాక, తిరిగొచ్చినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టుకోలేదు. యార్క్, మార్టిన్, మొరెల్లో డిగ్రీలు పూర్తి చేశాకే సంగీతంలోకి పూర్తిగా దిగారు. సాయంత్రాలు, సెలవులు వాళ్లకు సరిపోయాయి.

ఇలాంటి మాట విన్నప్పుడు నిజమో కాదో ఎలా చూసుకోవాలి?

మొదట క్రియాపదం చూడాలి. తెలుగులో ‘హార్వర్డ్‌లో చదివాడు’ అంటే రెండు నెలలు వెళ్లాడనీ కావచ్చు, పట్టా తీసుకున్నాడనీ కావచ్చు. పుకార్లలో సగం ఆ ఒక్క మాటలోనే పుడతాయి. తర్వాత చేరిన ఏడు, వదిలిన ఏడు, మొదటి రికార్డు వచ్చిన ఏడు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఇద్దరు కలిసి చదివారన్న కథైతే ఇద్దరి సంవత్సరాలూ పక్కపక్కన పెట్టాలి. డాక్టరేటు అంటే సిద్ధాంత గ్రంథం ఉండాలి, దాన్ని విశ్వవిద్యాలయ గ్రంథాలయ పట్టికలో ఎవరైనా వెతుక్కోవచ్చు. వెతికేటప్పుడు అసలు పేరుతో వెతకాలి. డెక్స్టర్ అన్న పేరుతో వెతికి దొరకలేదని ఆ పీహెచ్‌డీ అబద్ధమని వాదించిన ఒక మిత్రుడు, బ్రయాన్ కీత్ హాలండ్ అని టైపు చేసి చూపించాక అక్కడే కూర్చొని ఆ గ్రంథం మొదటి పేజీలు చదివాడు.